ఈశాన్యం మూల గొట్టం

గోడకు బెల్ ఉండగా కస్తూరి పిడికిళ్ళతో తలుపు ఎందుకు బాదిందని కదా అడిగారు? అక్కడికే వస్తున్నాను, కాస్త ఊపిరి పీల్చుకోనివ్వండి. గ్యాస్ వాసన తగిలిన చోట బెల్ నొక్కకూడదు. లోపల ఎక్కడో చిన్న మెరుపు పుడుతుంది. కంటికి కూడా ఆనదు, కానీ అది చాలు. స్విచ్చి ముట్టుకోకూడదు, ఫోను తియ్యకూడదు, లిఫ్టు ఎక్కకూడదు. అందుకే ఢిల్లీ పక్కనున్న ఇందిరాపురంలో ఆ పదో అంతస్తుకి మెట్లమీద పరుగెత్తుకొచ్చి, రొప్పుతూ, రెండు చేతులా తలుపు బాదుతోంది.

"ఆంటీ! తలుపు తియ్యండాంటీ! నేను, కస్తూరిని!"

"తియ్యనే," అంది లోపల్నుంచి అన్నపూర్ణేశ్వరి. "నువ్వెందుకొచ్చావో నాకు తెలుసు."

అదీ సంగతి. ఇక ఈ కస్తూరి ఎవరో చెప్పకుండా అలా తలుపు దగ్గరే నిలబెట్టేస్తే మీరూరుకోరు.

కస్తూరిది తుని దగ్గర పాయకరావుపేట. కాకినాడలో పాలిటెక్నిక్, అదీ మెకానికల్. "ఆడపిల్లకి నట్లూ బోల్టులూ ఏమిటే?" అన్న మేనత్తలందరినీ దాటుకుని ఢిల్లీ చేరింది. వైశాలిలో మెట్రో పక్కన ఒక గది, ఒక పాత స్కూటీ. ఉద్యోగం, ఇళ్ళకు గొట్టంలో గ్యాస్ ఇచ్చే కంపెనీ తరఫున తనిఖీలు చేసే ఒక కాంట్రాక్టు సంస్థలో. ప్రతి ఇంటి గ్యాస్ గొట్టాన్నీ గడువు తప్పకుండా చూసి తీరాలని నియమం. మధ్యాహ్నం పూట ఇళ్ళల్లో ఆడవాళ్ళే ఉంటారు, మగవాడొస్తే గొలుసు కూడా తియ్యరు, అందుకని కస్తూరిలాంటి పిల్లల్ని పంపుతారు. సబ్బునీళ్ళు చిమ్మి, ఎక్కడైనా బుడగ లేస్తుందా అని చూడటం, వాసన పట్టే మిషను తిప్పడం, ఇదే పని.

పనేమో ఇదా, జనమేమో అదా! పసుపుపచ్చ గొట్టానికి తడిబట్టలు ఆరేసే ఇల్లొకటి. మనీప్లాంటు పాకించిన ఇల్లొకటి. పెళ్ళికి రంగు దీపాల తోరణం చుట్టి, పెళ్ళికూతురు కాపురానికి వెళ్ళి బిడ్డనెత్తుకొచ్చినా విప్పని ఇల్లొకటి. "దీదీ, పైప్ కనబడితే కిచెన్ అందం పోతుంది కదా" అని చెక్క బీరువాలో గొట్టాన్ని కప్పెట్టేసినవాళ్ళయితే లెక్కలేదు. కస్తూరి అందరికీ ఒకటే చెప్పేది. "గొట్టానికి గాలి తగలాలి భాభీ. కారినా బయటికి పోతుంది. మూసిపెడితే అక్కడే కూడుకుంటుంది."

ఇంత గట్టిపిల్లా అన్నపూర్ణేశ్వరి ఇంట్లో మాత్రం మెత్తబడిపోయింది.

అన్నపూర్ణేశ్వరి భర్త నాగభూషణం ఏదో మంత్రిత్వ శాఖలో సెక్షన్ ఆఫీసరుగా చేసి రిటైరయ్యాడు. వాళ్ళది తణుకు. ఒక్కతే కూతురు ప్రణతి, గుర్‌గావ్‌లో ఉద్యోగం, తెలుగు అర్థమవుతుంది కానీ జవాబు హిందీలో ఇస్తుంది. కస్తూరి మొదటిసారి తనిఖీకి వెళ్ళినప్పుడు, ఆ మెడలో కార్డు మీద పేరు చూసి ఆవిడ, "అయ్యో, మన తెలుగమ్మాయివా! ముందు తిను, తరవాత చూద్దువుగాని నీ గొట్టాలు," అని కూర్చోబెట్టి పులిహోర పెట్టింది. ఢిల్లీలో ఒంటరిగా ఉన్న పిల్లకి ఇంగువ వాసన తగిలితే ఏమవుతుందో మీకు వేరే చెప్పాలా!

తిన్నాక వెనక బాల్కనీలోకి వెళ్ళి చూసి కస్తూరి నోరు తెరిచేసింది.

ఢిల్లీ ఫ్లాట్లలో దేవుడికి వేరే గది ఎక్కడిది? దేవుడేమో ఈశాన్యం మూలనే ఉండాలాయె. వాళ్ళ ఫ్లాటుకి ఈశాన్యం ఏదయ్యా అంటే, వంటింటి వెనక బాల్కనీ మూల. ఆ మూలనే గ్యాస్ గొట్టం కింది నుంచి పై అంతస్తుదాకా నిలువునా పోతోంది. నాగభూషణం గారు బాల్కనీకి అద్దాలు బిగించేసి, గొట్టాన్ని టేకుచెక్క పెట్టెలో దాచేసి, ఆ చెక్కకే ఆనించి మందిరం కట్టించాడు. గొట్టానికి జానెడు దూరంలో శివుడు, శివుడి ముందు దీపం.

"ఆంటీ, ఇది తీసెయ్యాలి," అంది కస్తూరి.

"శివుణ్ణి తీసెయ్యమంటావేమే, నాలిక ఊడిపోగలదు!"

"శివుణ్ణి కాదాంటీ, పెట్టెని. దేవుణ్ణి హాల్లో పెట్టుకోండి."

"హాల్లో టీవీ ఉందిగా," అన్నాడు నాగభూషణం, అదేదో పెద్ద శాస్త్రంలాగా. ఆ తరవాత తనే నవ్వి, "కార్తీకం వెళ్ళనీయమ్మా. వడ్రంగిని పిలిపిస్తాను. నా మాట," అన్నాడు.

ఆయన మాట మీద కస్తూరి వెనక్కి వచ్చేసింది. కార్తీకం వెళ్ళకముందే ఆయన పక్షవాతంతో పడిపోయాడు. ఆస్పత్రిలో ఊపిరి మిషను పెట్టారు. ప్రణతి అక్కడ, అన్నపూర్ణేశ్వరి ఇక్కడ. ఆయన లేచి ఇంటికి వచ్చేదాకా కొండెక్కనివ్వనని ఆవిడ అఖండదీపం పెట్టుకుంది. నిద్రలో కూడా లేచి లేచి నూనె పోస్తూ, వత్తి ఎగదోస్తూ, ఆస్పత్రికి కూడా వెళ్ళడం మానేసింది. రోజూ అభిషేకం, బిందెలకొద్దీ నీళ్ళు, కొబ్బరినీళ్ళు, పంచామృతం.

కస్తూరి మళ్ళీ వెళితే గొలుసు సందులోంచే మాట. "ఇవాళ కాదమ్మా. ఆయన రానీ." ఇంకోసారి వెళితే ఆ మాత్రం మాటా లేదు, లోపల మంత్రం వినబడింది. తలుపు తియ్యని ఇంటికి గ్యాస్ ఆపించెయ్యాలి. కస్తూరి ఆపించలేదు. గ్యాస్ ఆపితే ఆ ముసలావిడ అన్నం ఎలా వండుకుంటుంది అనుకుంది పిచ్చిది.

ఇప్పుడు పదకొండో అంతస్తువాళ్ళు కుళ్ళిన కోడిగుడ్డు వాసన వేస్తోందని ఫోను చేశారు. కస్తూరి వస్తూనే కింద ఆ వరస ఫ్లాట్లన్నిటికీ గ్యాస్ కట్టేయించింది, ఫోన్లన్నీ గేటు దగ్గర పెట్టించింది. పైకొచ్చి ఆ తలుపు సందు దగ్గర పెడితే మిషను కీచుమని అరిచింది. గొట్టం కట్టేసినా, ముందే కారిన గ్యాస్ ఆ అద్దాల బాల్కనీలోనే ఉంది. గ్యాస్ గాలికంటే తేలిక, పైకి లేచి కప్పుకింద కూడుకుంటుంది. దీపం కింద ఉంది కాబట్టి ఇంతవరకు బతికిపోయారు. పైనుంచి అది నిండుతూ నిండుతూ దీపందాకా దిగితే?

సొసైటీ సెక్రటరీ రాజీవ్ మెట్లమీద నిలబడి అరుస్తున్నాడు. "అరే మేడమ్, తోడ్ దో దర్వాజా! తలుపు పగలగొట్టడానికి గునపం తెప్పిస్తాను!"

"ఇనుము తగిలితే రవ్వ లేస్తుంది సార్. గునపం వద్దు. మీరు జనాన్ని కిందికి పంపండి."

"బుఢియా కే చక్కర్ మే పూరా టవర్ ఉడ్ జాయేగా!" అంటూ దిగిపోయాడు. ముసలమ్మ మూలంగా టవరంతా లేచిపోతుందట. నిజమే కదా! కస్తూరి తలుపుకి నుదురు ఆనించింది.

"ఆంటీ, వాసన రావట్లేదా మీకు?"

"వస్తోంది. డ్రైనేజీదే. నాలుగు అగరొత్తులు ఎక్కువ వెలిగించా, పోయింది."

"అగరొత్తులు ఇంకా ఉన్నాయా?"

"ఆరిపోయాయిలే. దీపం ఉంది. నువ్వు దాన్ని ఆర్పడానికే వచ్చావు. నాకు తెలీదూ? ఆయన ప్రాణం దాంట్లో ఉందే అమ్మడూ. నీకు దణ్ణం పెడతా, వెళ్ళిపో."

"నేను వెళ్ళను. ఏమైనా అయితే మీతోపాటు నాక్కూడా అవుతుంది. ఇక్కడే కూర్చుంటా."

"నీకు బుద్ధుందా? కన్నవాళ్ళు లేరూ నీకు?"

"ఉన్నారు. ఆంటీ, ఒక్కటి చెప్పండి. అంకుల్ లేచి కూర్చుంటే, డాక్టర్లు ఇంటికి తీసుకెళ్ళండి అంటే, ఏ ఇంటికి తీసుకొస్తారు?"

లోపల అడుగుల చప్పుడు తలుపు దగ్గరికొచ్చింది. తరవాత గొలుసు జారింది.

అన్నపూర్ణేశ్వరి ఎంత చిక్కిపోయిందంటే కస్తూరి గుర్తుపట్టడానికి ఒక క్షణం పట్టింది. చీరంతా నూనె మరకలు, చేతుల నిండా మసి. ఆవిడ అడ్డం నిలబడింది. "దీపాన్ని నేనే తీసుకొస్తా. చెయ్యి అడ్డం పెట్టుకుని మెట్లమీంచి కిందికి తీసుకెళ్ళిపోతా. కొండెక్కించకుండా తీసుకెళ్తానే, నన్ను నమ్ము."

"కదపకూడదాంటీ. పైకి లేపితే చాలు, అంటుకుంటుంది. ఉన్నచోటే ఆర్పెయ్యాలి."

"పోనీ దాంతో ఇంకో వత్తి..."

"వద్దాంటీ!"

ఆ కేకకి ఆవిడ చంటిపిల్లలా బెదిరిపోయింది. కస్తూరి వంటింట్లో బిందెలో తువ్వాలు ముంచి, వంగి, పిల్లిలా బాల్కనీలోకి వెళ్ళింది. వెనకాలే ఆవిడ.

"మీరు చేస్తారా ఆంటీ?" అని తువ్వాలు చాపింది కస్తూరి.

"నా చేత్తోనా?"

కస్తూరి ఇంక అడగలేదు. ఊపిరి బిగబట్టి తడి తువ్వాలు దీపం మీద కప్పింది. సుయ్యిమంది. అంతే. అద్దాలు ఒక్కొక్కటే జరిపితే బయటి చలిగాలీ దుమ్మూ రయ్యిమని లోపలికి కొట్టాయి. అన్నపూర్ణేశ్వరి తిట్టలేదు, ఏడవలేదు. "కొండెక్కిపోయింది," అంది, అంత మెల్లగా. ఆవిడ తిడితే బాగుండునని కస్తూరి దేవుళ్ళందరికీ మొక్కుకుంది.

మెట్లన్నీ పట్టుకుని దింపి, గేటు పక్క సిమెంటు బల్లమీద కూర్చోబెట్టింది. మరమ్మతు మనుషులు వచ్చారు. గాలి శుభ్రపడిందని మిషను ఒప్పుకున్నాక టేకుపెట్టె విప్పితే లోపల కస్తూరి చూసిన దృశ్యం ఎవరి కంటా పడకూడదు. గొట్టం వంపు దగ్గర పసుపు రంగు ఊడి, తుప్పు పెళ్ళలు పెళ్ళలుగా లేచి, సూది మొనంత రంధ్రం పడింది. పైన మందిరం గట్టునుంచి నీటి చారలు, వాటిలో పసుపు, కుంకుమ, ఎండిపోయిన పాలు. ఏళ్ళ తరబడి చేసిన అభిషేకం చెక్క సందుల్లోంచి కారి కారి ఆ వంపు మీదే నిలిచింది. ఆయన పడిపోయాక బిందెలకొద్దీ పోసిందంతా అక్కడికే చేరింది.

ఈ మాట ఎలా చెబుతారు చెప్పండి! కస్తూరి చెప్పలేదు. ఆవిడ మంచం మీదున్న ఫోను మాత్రం తీసుకుని కిందికి వచ్చింది. ఫోను తెరమీద ప్రణతి పేరు వరసగా, కిందికి జరిపేకొద్దీ ప్రణతే. దీపం ఆర్పిన వేళ నుంచి మొదలయ్యాయి ఆ ఫోన్లు.

"ఆంటీ, ప్రణతి చాలాసార్లు చేసింది."

అన్నపూర్ణేశ్వరి ఫోను వైపు చూడలేదు. చేతులు ఒళ్ళో దాచేసుకుంది.

"మంచి వార్త కూడా కావచ్చాంటీ."

"అయితే నువ్వే విను."

"మీ అమ్మాయి ఆంటీ. మీరు మాట్లాడాలి."

"నా చేత్తో ఆర్పమన్నావు, ఆర్పలేదు. ఇప్పుడు నా చెవితో వినమంటావా?" అంది ఆవిడ. గొంతులో కోపం కూడా లేదు. "నువ్వు ఆర్పావు. నువ్వే అడుగు. అడిగొచ్చి ఏం చెప్పినా నమ్ముతా. అబద్ధం చెప్పినా సరే."

రాజీవ్ అవతల ఎవరితోనో గట్టిగా అంటున్నాడు, ఫైన్ వెయ్యాలి, ఫైన్ వెయ్యాలి అని. పై అంతస్తుల పిల్లలు స్కూలు బస్సు దిగి, వంటలు లేవని తెలిసి పిజ్జా పిజ్జా అని గంతులేస్తున్నారు. కస్తూరి ఫోను పట్టుకుని నాలుగడుగులు అవతలికి, వేపచెట్టు కిందికి వెళ్ళింది. ఏమని మొదలుపెట్టాలి? "ప్రణతీ, నేను గ్యాస్ కంపెనీ నుంచి" అనా? నాన్నగారు ఎలా ఉన్నారని ముందు అడగాలా, లేక దీపం తనే ఆర్పేశానని ముందు చెప్పెయ్యాలా? వెనక్కి తిరిగి చూస్తే ఆవిడ బల్లమీద కళ్ళు మూసుకుని, పెదవులు కదుపుతోంది.

ఇంకోసారి ఆ అమ్మాయే చేసేదాకా ఆగకూడదు. ఇప్పుడే చెయ్యాలి. కస్తూరి ప్రణతి పేరు మీద వేలు పెట్టింది.