బషీర్ భాయ్ కోసిన తెల్ల క్యాబ్

2023 వేసవి. హైదరాబాద్ పాతబస్తీలోని జహనుమాలో నా ఆటో ఎలక్ట్రికల్ షాపు పెట్టి అప్పటికి ఇరవై ఆరేళ్లు. సెల్ఫ్ మోటార్లు, ఆల్టర్నేటర్లు, హారన్లు, కాలిపోయిన వైరింగ్, ఇదీ నా పని. పని నేర్చుకున్నది అఫ్జల్‌గంజ్‌లో ఒక ఇరుకు దుకాణంలో. అక్కడ మా ఉస్తాదు మాకు టెస్ట్ లాంప్ ఒక్కటే ఇచ్చేవాడు. బల్బు వెలిగితే కరెంటు ఉన్నట్టు, వెలగకపోతే లేనట్టు. ఆ బల్బుతోనే నేను చాలాకాలం బతికాను. అందుకే కంప్యూటర్లతో నడిచే ఇప్పటి కార్లంటే నాకు లోపల్లోపల కోపం ఉండేది. రిపేరు చేసేవాణ్ణి కానీ, వాటిని కార్లుగా ఒప్పుకునేవాణ్ణి కాదు.

మా షాపుకు రెండు గల్లీల అవతల బషీర్ భాయ్ షెడ్డు. ఆయన డెంటర్, అంటే రేకు పనివాడు. గుద్దుకుని నలిగిన డోరును సుత్తితో కొట్టి మళ్లీ దాని మొదటి ఆకారానికి తెచ్చేవాడు. అది పొట్టకూటి పని. ఆయన అసలు శౌకు వేరే. పాత కార్లను కోసి, కొత్త రూపంలో మళ్లీ కట్టడం. దాన్ని విదేశాల్లో హాట్ రాడ్ అంటారు. ఏదో ఒక మామూలు పాత కారు తీసుకుని, కప్పు కోసి కిందికి దించి, అక్కర్లేని బరువంతా తీసేసి, ఇంజిన్ బయటికి కనిపించేలా తయారుచేస్తారు. ఆదివారం పాత పుస్తకాల బజారులో దొరికిన ఇంగ్లీషు పత్రికల బొమ్మలు చూసి ఆయన ఆ పిచ్చిలో పడ్డాడు. ఆయనకు చదవడం రాదు. బొమ్మలే చూసేవాడు.

మా ఇద్దరికీ చాయ్ దగ్గర ఎప్పుడూ ఒకటే లొల్లి. ఇప్పటి కార్లలో ముందుముందు ఎవరైనా ముచ్చటపడి కట్టుకునే కారు ఏదైనా ఉందా అని. లేదనేవాణ్ణి నేను. అంబాసిడర్ అంటే ఒక లెక్క, వీటిని ముప్పై ఏళ్ల తర్వాత ఎవరు తాకుతారు, తూకానికి పోవాల్సిందే అనేవాణ్ణి. ఒకరోజు ఆయన చాయ్ కప్పు పక్కన పెట్టి నెమ్మదిగా అన్న మాట నాకు ఇంకా గుర్తుంది.

"యాదన్నా, అంబాసిడర్ మీద మనకెందుకింత పానం? అది మస్తు గొప్ప బండి అనా? కాదు. మన చిన్నప్పుడు కండ్ల ముందర అదే ఉండె. రేపటోళ్ల కండ్ల ముందర ఏముంది? తెల్ల క్యాబ్. దవాఖానకు పోయేది దాంట్లనే, షాదీకి పోయేది దాంట్లనే, నౌకరీకి పోయేది దాంట్లనే. పెద్దగైనంక వాళ్లు దాన్నే దేవులాడి తెచ్చుకుంటరు."

పెద్ద పెద్ద స్క్రీన్లు ఉన్న ఖరీదైన బండ్లను ఆయన లెక్కలోకి తీసుకునేవాడు కాదు. ముందు ఆ స్క్రీనే చచ్చిపోతుంది, అప్పటికి దాన్ని చేసేవాడు ఉండడు అనేవాడు. తేలిగ్గా ఉండాలి, గేర్లు చేత్తో వేసేది కావాలి, ఊరి నిండా తిరిగింది కావాలి, విడిభాగాలు ప్రతి గల్లీలో దొరకాలి. ఇవీ ఆయన కొలతలు. మరి లోపలి కంప్యూటర్ సంగతి ఏంటని అడిగితే నవ్వి, అది నీ ఫికర్, నాది రేకు వరకే అనేవాడు.

ఊరికే అనలేదు. క్యాబ్‌గా లక్షల కిలోమీటర్లు తిరిగి తుక్కుకు వచ్చిన ఒక తెల్ల సెడాన్ కొని తెచ్చుకున్నాడు. రిజిస్ట్రేషన్ రద్దయిన బండి, రోడ్డెక్కేది కాదు. షెడ్డు తలుపు వేసుకుని రెండేళ్లు దాని మీద పనిచేశాడు. నన్ను రానివ్వలేదు. అయ్యాక చూద్దువులే అన్నాడు. అవ్వకముందే ఆయనకు పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట పోయింది. 'హా', 'నై' అనే రెండు మాటలే మిగిలాయి.

నాలుగు నెలలకు, ఆ ఏప్రిల్‌లో, ఆయన భార్య అఫ్సర్ భాభీ నా షాపుకు వచ్చింది. మొఘల్‌పురాలో వాళ్ల ఇంట్లోనే ఆమెకు జర్దోజీ కార్ఖానా ఉంది. కార్చోబ్ అనే పెద్ద చెక్క చట్రానికి బట్టను బిగించి, దాని మీద జరీతో పువ్వులు, లతలు కుడతారు. షెడ్డు యజమాని నెలాఖరుకు ఖాళీ చేయమన్నాడని చెప్పింది. శంషాబాద్ దగ్గర కార్ల శౌకీన్లు కొందరు కలిసి పెద్ద షెడ్డు పెట్టుకుని, ఇలా చేత్తో కట్టిన బండ్లను అందులో భద్రపరుస్తున్నారు. వాళ్లలో శ్రీకాంత్ అనే ఆయన ఈ బండిని తీసుకుంటానన్నాడు, కానీ ఒక షరతు మీద. బండి తన ఇంజిన్‌తో తాను కదలాలి. నడవని బండ్లను వాళ్లు పెట్టుకోరు. కదలకపోతే అది మళ్లీ తుక్కుకే పోవాలి.

"భాయ్, ఈ బండి అంటే మీకు పడదని నాకెరుకే," అన్నది. "ఆయన చెప్తుండె. కానీ రేకు పని అంత అయిపోయింది. వైర్ల కాడికి వచ్చి ఆగింది. ఇంక మీరే."

షెడ్డు తలుపు తీయగానే నేను గుమ్మంలోనే నిలబడిపోయాను. రోజూ వందల సంఖ్యలో నా కళ్ల ముందు నుంచి పోయే ఆ క్యాబేనా ఇది అనిపించింది. కప్పు జానెడు కిందికి దిగింది. నాలుగు డోర్లు రెండయ్యాయి. వెనక భాగం పొట్టిదై, ఉరకబోయే ముందు ఒదిగిన జంతువులా ఉంది. బానెట్ పక్కలు తీసేసి ఉన్నాయి, ఇంజిన్ కనిపిస్తోంది. రంగు లేదు, పుట్టీ లేదు. వట్టి ఇనుము. అతుకు ఎక్కడుందో వెతుకుతూ కప్పు నుంచి వెనకదాకా అరచెయ్యి పోనిచ్చాను. దొరకలేదు. ఇప్పటి కార్లకు కింద చాసిస్ అనే వేరే ఇనుప చట్రం ఉండదు, బాడీయే దాని ఎముక. కప్పు కోస్తే మధ్యలో వంగిపోతుంది. అది తెలిసి ఆయన డోర్ల గుమ్మాల కింద రెండు వైపులా ఇనుప పైపులు అతికి, బండి నేల అడుగున అడ్డకట్లు వేశాడు. ఏ కాలేజీలో నేర్చుకున్నాడు ఇదంతా? ఇరవై ఆరేళ్ల పరిచయంలో ఈ మనిషిని నేను సగం కూడా చూడలేదని అప్పుడు అర్థమైంది.

లోపల మాత్రం వైర్ల అడవి. డ్యాష్‌బోర్డ్ తీసేసి ఉంది. కారులోని వైర్లన్నీ ఒక కట్టగా ఉండేదాన్ని హార్నెస్ అంటాం. ఇంజిన్ వైపు కొసలు బండికే కలిపి ఉంచి, మిగతా కట్టంతా బయటికి లాగి, విప్పి నేల మీద పరిచి ఉంది. ప్రతి వైరుకూ ఏదో ఒక రంగు రేశం, అంటే పట్టు దారం, ముడేసి ఉంది. ఎందుకో నాకు తెలియలేదు.

బ్యాటరీ పెట్టి తాళం తిప్పాను. ఇంజిన్ అందుకుంది, సరిగ్గా రెండు సెకన్లు నడిచి ఆగిపోయింది. పదిసార్లు తిప్పితే పదిసార్లూ అంతే. ఇది ఇమ్మొబిలైజర్ పని. దొంగతనం జరగకుండా పెట్టిన కాపలా అన్నమాట. తాళంలోని చిప్‌ను గుర్తుపట్టే పెట్టె ఒకటి, ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్ ఒకటి, రెండూ మాట్లాడుకోవాలి. అవతలి నుంచి జవాబు రాకపోతే ఇంజిన్ తనంతట తానే ఆగిపోతుంది. స్కానర్ పెడితే సంబంధం తెగిందని చూపించింది. ఎక్కడ తెగిందో చూపించలేదు.

మర్నాడు మల్టీమీటర్‌తో కొలిచాను. ఈ పెట్టెలన్నీ మాట్లాడుకోవడానికి రెండే వైర్లు ఉంటాయి. వాటికి రెండు కొసల్లోనూ ఒక్కో రెసిస్టర్, అంటే కరెంటును కొంత అడ్డుకునే చిన్న ముక్క. రెండూ ఉంటే మీటర్ అరవై ఓమ్స్ చూపాలి. నాకు నూటఇరవై వచ్చింది. అంటే ఒక కొస లేదు. ఆ కొసకు ఉండాల్సిన పెట్టె ఏదో బషీర్ భాయ్ తీసేశాడు. బహుశా మీటర్ క్లస్టర్, స్పీడూ పెట్రోలూ చూపించే ముళ్ల పెట్టె. తాళాన్ని గుర్తుపట్టేది కూడా ఈ బండిలో అదే. ఇంకో బండిది తెచ్చి పెడితే కుదరదు, అది ఈ తాళాన్ని ఒప్పుకోదు. షెడ్డంతా వెతికాను, లేదు. తుక్కులో పోయి ఉంటుందని, ఆ మాట భాభీకి ఎలా చెప్పాలా అని కూర్చున్నాను.

ఆమె అప్పటికి ఆ హార్నెస్ ముందు నేల మీద కూర్చుని ఉంది. ఇంటి నుంచి ఖాళీ కార్చోబ్ చట్రం తెప్పించి, వైర్లను దాని మీద వరుసగా పరిచి పక్కలకు కడుతోంది. గోధుమ రంగు మీద తెల్ల గీత, గోధుమ రంగు మీద బూడిద గీత. నేను కళ్లద్దాలు పెట్టుకుని, బల్బు వెలుగులో తిప్పి తిప్పి చూసే తేడాలు ఆమె ఒక్క చూపులో విడదీస్తోంది. గంటలో ఆ అడవి ఒక చెట్టు బొమ్మలా తేటపడింది. మొదలు ఏది, కొమ్మ ఏది, ఎక్కడ ఆగిపోయింది, అన్నీ కనిపించాయి. అంత పెద్ద హార్నెస్‌ను అంత స్పష్టంగా నేను కంపెనీ కాగితాల మీద కూడా చూడలేదు.

దారాలు తనవేనని అప్పుడు చెప్పింది. భర్తకు రాయడం రాదు కాబట్టి గుర్తుల కోసం అడిగి పట్టుకెళ్లేవాడట. నేను టెస్ట్ లాంప్ పెట్టి చూస్తుంటే అర్థం తెలుస్తూ వచ్చింది. ఎర్ర దారం ఉన్నవాటిలో ఎప్పుడూ కరెంటు ఉంది. నల్ల దారం కట్టినవి ఏసీకీ, వెనక అద్దాలకూ పోయేవి, అక్కర్లేనివి. పచ్చవి ఉంచాల్సినవి. ఆఖరికి రెండు వైర్లు మిగిలాయి. వాటికి రేశం కాదు, బంగారు జరీ.

"ఈ రెండే ఒకదాన్నొకటి మెలేసుకొని వస్తున్నయి, చూడండి భాయ్," అన్నది వేలితో తడుముతూ. "కొసకు ఏం లేదు. జరీ నేను ఊకెనే ఇయ్య. ఆ దినం గట్టిగ అడిగిండు. దేనికని అడిగితే, పారేయొద్దని యాదికుండాలె అన్నడు."

నేను వెతుకుతున్న రెండు వైర్లు అవే. వాటి కొసన ఉండేదే ఆ పెట్టె.

మధ్యాహ్నం ఆటోలో బషీర్ భాయ్‌ని షెడ్డుకు తీసుకొచ్చాం. కుర్చీలో కూర్చోబెట్టాను. చట్రం మీద పరిచిన వైర్లను చూసి ఆయన కళ్లు కాసేపు ఆ చివర నుంచి ఈ చివరకు తిరిగాయి. భాభీ ఆ జరీ కట్టిన కొసను ఆయన ఎడమ చేతిలో పెట్టింది.

"దీని డబ్బా పారేసినవా?" అని అడిగాను.

"నై."

"ఈ షెడ్డుల ఉందా?"

"నై."

"ఇంట్ల?" అన్నది భాభీ.

"హా," అన్నాడు. ఆ ఒక్క అక్షరాన్నే మూడుసార్లు అన్నాడు.

భాభీ ముఖం మారిపోయింది. నాలుగు నెలలుగా తను పనికి కూర్చున్న ప్రతిసారీ ఆయన ఎడమ చెయ్యి ఎత్తి కార్ఖానా మూలకు చూపించేవాడట. దాహం అనుకుని ఆమె నీళ్లు తెచ్చి ఇచ్చేది. ఆయన తాగేవాడు. ఆ మూలలో దారాలు దాచే సందూక పెట్టె ఉంది. మేం ఇంటికి వెళ్లి తెరిచాం. అడుగున, పాత మఖ్మల్ ముక్కలో చుట్టి, బండి రెండో తాళంతో సహా ఆ మీటర్ క్లస్టర్ ఉంది. భాభీ దాన్ని ఒళ్లో పెట్టుకుని చాలాసేపు లేవలేదు. "నీళ్లిచ్చిన భాయ్, ఇన్ని దినాలు నీళ్లే ఇచ్చిన," అన్నది.

క్లస్టర్ కలిపాక మీటర్ పెట్టాను. అరవై. తాళం తిప్పాను. రెండు సెకన్లు. మూడు. పది. ఇంజిన్ ఆగలేదు. సైలెన్సర్ పొట్టిగా కోసి ఉండడంతో ఆ శబ్దం షెడ్డు రేకుల కప్పుకు తగిలి గుండెలో మోగింది. అది క్యాబ్ శబ్దం కాదు. ఆ ఇంజిన్‌లో అంత గొంతు ఉందని ఇన్నేళ్లుగా దాన్ని రిపేరు చేస్తున్న నాకు తెలియదు. బషీర్ భాయ్ లేవబోయాడు. ఇద్దరం పట్టుకుని బానెట్ దగ్గరికి నడిపించాం. ఎడమ అరచెయ్యి ఆ ఇనుము మీద ఆనించి కళ్లు మూసుకున్నాడు.

వైర్లన్నీ చట్రం నుంచి విప్పి బండిలో బిగించాక, ఆదివారం పొద్దున శ్రీకాంత్ వచ్చాడు. బషీర్ భాయ్‌ని పక్క సీట్లో కూర్చోబెట్టుకుని, షెడ్డు ముందున్న ఖాళీ జాగాలో నేనే నడిపాను. మూడు చుట్లు తిరిగాం. మేం దిగాక శ్రీకాంత్ బండి చుట్టూ ఒకసారి తిరిగి, మోకాళ్ల మీద కూర్చుని కిందికి చూశాడు. చివరికి, మేం ఇప్పటి క్యాబ్‌ను ఎప్పుడూ లెక్కలోకి తీసుకోలేదండీ, అన్నాడు. లారీ మీదికి ఎక్కిస్తున్నప్పుడు, భాభీ హార్నెస్‌ను పరిచిన తీరు విని, ఆ బొమ్మ కూడా కావాలని అడిగాడు. భాభీ దాన్ని పెద్ద బట్ట మీద, ఒక్కో వైరును ఆ వైరు రంగు దారంతోనే కుట్టి ఇచ్చింది. దానికి నెల పట్టింది. ముప్పై ఏళ్ల తర్వాత ఎవరైనా ఆ బండిని విప్పితే, ఏ కాగితమూ లేకపోయినా ఆ బట్ట చూసి మళ్లీ కలపగలరు.

నేను ఇన్నేళ్లు నా వృత్తిలో ఒక తప్పు మోస్తూ తిరిగాను. నాకు తెలిసిన బండి గొప్పది, తెలియని బండి తుక్కు అనుకున్నాను. మా ఉస్తాదుకు కూడా మొదట్లో అంబాసిడర్ వైరింగ్ అడవిలాగే కనిపించి ఉంటుంది కదా, ఆ ఆలోచన నాకు ఎప్పుడూ రాలేదు. చదువు రాని ఒక రేకు పనివాడు, కారు తాళం ఎన్నడూ తిప్పని ఒక జర్దోజీ పనామె, నేను భయపడి దూరం పెట్టినదాన్ని కూర్చుని, విప్పి, వరుసగా పరిచారు. రేపటివాళ్లకు ఏ కారు కావాలో నాకు ఇప్పటికీ ఖచ్చితంగా తెలియదు. బ్యాటరీ బండ్ల మోటార్లే కావచ్చు అని శ్రీకాంత్ అంటున్నాడు. అందుకే యాభై మూడేళ్ల వయసులో వారానికి మూడు రోజులు పొద్దున్నే షాపు తెరవకముందు బ్యాటరీ బండ్ల పని నేర్చుకోవడానికి పోతున్నాను. మొదటి రోజు మోటారు విప్పి ముందు పెట్టినప్పుడు నాకేమీ అర్థం కాలేదు. కోపం మాత్రం రాలేదు.