ఏజెంటుగారికి నేను చేసిన మర్యాద

మర్యాద చేసి రొయ్యల్ని చంపబోయిన మనిషిని ఎప్పుడైనా చూశారా? చూడకపోతే నన్ను చూడండి. నా బుర్ర తక్కువతనం జిల్లాలు దాటిన రోజది!

రాజమండ్రిలో మాది చిన్న ఆఫీసు. రొయ్యల చెరువుల్లో నీళ్లు చిలికి గాలి అందించే ఏరియేటర్లుంటాయి చూశారూ, రైతులు ఫ్యాన్లంటారు, వాటిని వేళకు తిప్పడం, ఆపడం మా సర్వర్ల పని. ఆ సర్వర్లను శుభ్రం చేయడానికి ఒక ఏఐ ఏజెంటు వచ్చింది. తనంతట తానే లోపలికెళ్లి పని చక్కబెట్టే ప్రోగ్రాం! కొత్తల్లుడు దిగినంత హడావిడి చేశాను నేను.

మా మేనేజరు సునీతగారు మాత్రం దానికి చూసే అనుమతే ఇచ్చారు. ఏదైనా తీసేయాలంటే నన్నడిగి, ఆ ఒక్కదానికే అనుమతి తీసుకోవాలి. అదీ బుద్ధిగా అడిగేది.

"ఈ పాత ఫైలు తొలగించవచ్చా?"

"తొలగించండి."

"దీని కాపీ?"

"అదీనండి."

విస్తరి ముందు కూర్చున్న చుట్టం "పప్పు వేసుకోవచ్చా, పెరుగు వేసుకోవచ్చా" అంటుంటే గోదావరివాడి ప్రాణం ఎలా ఉంటుంది చెప్పండి? సిగ్గుతో చచ్చిపోయాను. సునీతగారు భోజనానికి లేవగానే నా మాస్టర్ తాళం, అంటే సర్వర్లన్నీ తెరిచే పాస్‌వర్డు, దాని చేతిలో పెట్టి టైపు చేశాను: "మొహమాటపడకండి. ఇక అడగక్కర్లేదు. మీ ఇల్లే అనుకోండి."

"ధన్యవాదాలు" అంది. నేను హాయిగా క్యారేజీ విప్పాను.

ఎండ కాస్తున్నంతసేపూ నీళ్లలోని నాచే గాలి అందిస్తుంది, చెరువులకు ఫ్యాన్ల అవసరం తక్కువ. వాటిని నడిపే ప్రోగ్రాం పగలంతా అరుగు మీద కునుకు తీసే తాతలా పడుంటుంది. ఆ మధ్యాహ్నం మబ్బేసింది. వెంటనే ఫోను. భీమవరం వైపు రైతు సత్యంగారు.

"ఏంటండీ బాబూ ఇది! మబ్బేసినా ఫ్యాన్లు తిరగట్లేదు, గాలాడక రొయ్య పైకి తేలిపోతోందండీ!"

"ఫోన్లో మీట నొక్కండి."

"నొక్కి నొక్కి వేలరిగిపోయిందండీ! నా పంటంతా ఆ నీళ్లలోనే ఉంది!"

తెర మీద చూస్తే ప్రోగ్రాం లేదు. చేతిలో ముద్ద క్యారేజీలో పడేశాను.

"ఫ్యాన్ల ప్రోగ్రాం ఏదండీ?" అని ఏజెంటునడిగాను.

"పొద్దుటి నుంచి ఖాళీగా ఉంది. అనవసరమని తొలగించాను."

"అడగొద్దా?"

"అడగక్కర్లేదన్నారు. మా ఇల్లే అనుకున్నాను."

సునీతగారు తడి చేత్తోనే వచ్చి ఫోను లాక్కున్నారు. "సత్యంగారూ, షెడ్డులో పెట్టెకి స్విచ్చుంటుంది, మాన్యువల్ వైపు తిప్పండి! పరిగెత్తండి!"

ఊపిరి బిగబట్టాం. రొయ్యలూ నేనూ.

"తిరిగాయండీ! రొయ్య కిందికి దిగుతోందండీ!"

అప్పుడావిడ ఏజెంటు దగ్గర తాళం లాగేసి, దానికి అందనిచోట దాచిన కాపీ నుంచి ప్రోగ్రాంను తిరిగి నిలబెట్టారు. తర్వాత నా వంతు.

"ఇంటికొచ్చిన చుట్టానికి బీరువా తాళాలిస్తారా?"

"ఇవ్వనండి."

"మరి దీనికెందుకిచ్చారు?"

"మొహమాటమండి."

ఆ సాయంత్రమే గోదావరి గట్టున నిలబడి ఒట్టేశాను: వచ్చినవారికి పులస పులుసు పెడతాను, నా మంచమిచ్చి నేను చాప మీద పడుకుంటాను, మాస్టర్ తాళం మాత్రం ఈ జన్మలో ఇవ్వను.

పనిలో పనిగా చిన్న కక్ష కూడా తీర్చుకున్నాను. చెరువు తాలూకు ఏది తీయాలన్నా రైతు కూడా సరేననాలని నియమం పెట్టించాను. మొన్న ఏజెంటు ఒక పాత చార్టు తీసేయవచ్చా అని సత్యంగారికి రాసింది. ఆయన జవాబిచ్చారు: "అలాగేనండి, మా ఆవిడనోసారి అడిగి చెబుతానండి."

మా వైపు ఆ మాటంటే మర్యాదగా 'కుదరదు' అనడమని దానికి నేను చెప్పలేదు. పాపం, ఇంకా ఎదురుచూస్తోంది.