ఇరవై అని రాసేను

వార్డులో చార్టులు తిరగేస్తుంటే వరసగా ఆరుగురికీ ఊపిరి ఇరవై అని కనిపించిందంటే నాకు ఒళ్లు మండిపోతుంది. పద్దెనిమిదేళ్ల పిల్లకీ ఇరవయ్యే, ఆయాసంతో దిండుకి ఆనుకుని కూర్చున్న ముసలమ్మకీ ఇరవయ్యే. ఇప్పుడు నేను అమలాపురంలో నర్సింగు పిల్లలకి వార్డుల్లో పని నేర్పే టీచర్ని. "ఎవరు రాసేరమ్మా ఇది?" అంటే తల వంచుకుంటారు. మంచం దగ్గరకి తీసుకెళ్లి, వాచీ చూసుకుంటూ నిండా ఒక నిమిషం లెక్కపెట్టిస్తాను. ఈవిడకి చాదస్తం అని నా వెనకాల అనుకుంటారు, నాకు తెలుసు. అనుకోనీ. ఈ చాదస్తం నాకు పుట్టుకతో రాలేదు, నర్సింగు చదువుతున్నప్పుడు, నాలుగో సంవత్సరంలో వచ్చింది.

ఊపిరి లెక్కపెట్టడానికి ఒక కిటుకు ఉంది. లెక్కపెడుతున్నామని తెలిస్తే పేషెంటు ఊపిరి మార్చేస్తాడు, బిగబట్టేసేవాళ్లు కూడా ఉంటారు. అందుకని నాడి చూసేక చెయ్యి వదలకూడదు. ఇంకా నాడే చూస్తున్నట్టు మణికట్టు పట్టుకునే ఉండి, కళ్లు ఛాతీ మీదికి తిప్పి, అది లేచినప్పుడల్లా ఒకటి లెక్కవేసుకోవాలి. మొదటి సంవత్సరంలోనే నేర్పేరు. నాలుగో సంవత్సరానికి వచ్చేసరికి మా అందరికీ ఆ చెయ్యి పట్టుకోవడం ఒక్కటే మిగిలింది. నాడి నిజంగా చూసేవాళ్లం, బీపీ నిజంగా చూసేవాళ్లం, ఊపిరి గడిలో ఇరవై అని గీకేసేవాళ్లం. ఊపిరి తీస్తూనే ఉన్నారు కదా, ఆగిపోతే ఆమాత్రం తెలీదా అని మా ధీమా.

మాది ముక్తేశ్వరం. మా నాయనమ్మ వయసులో ఉన్నప్పుడు ఊళ్లోవాళ్ల చేలల్లో నాట్లు వేసిన మనిషి. నాకు నర్సింగులో సీటొచ్చిందని ఆదివారం చర్చిలో లేచి నిలబడి, ఇది దేవుడు చేసిన మేలని సాక్ష్యం చెప్పింది. నేను తెల్ల కోటు మడతపెట్టుకుని ఆటో ఎక్కుతుంటే నలుగురికీ కనిపించేలా వీధిలోకి వచ్చి నిలబడేది. నేను క్లాసులో ఫస్టు. నోరు కూడా ఫస్టేననేవారు మా ఇంట్లో. ఎవరేం చెప్పినా, నాకు తెలుసండీ అనేదాన్ని.

నాలుగో సంవత్సరంలో కాన్పుల వార్డులో డ్యూటీ వేసేరు. అక్కడ నాకు అప్పజెప్పిన పేషెంటు, గోదారి సముద్రంలో కలిసేవైపు పల్లెనుంచి వచ్చిన అమ్మాయి. తొలికాన్పు. మొగుడు చేపల వేటకి వెళ్లిన పూట బీపీ పెరిగిపోయి ఇంట్లోనే ఫిట్స్ వచ్చేయి. మావైపు పెద్దవాళ్లు గుర్రపు వాతం అంటారు. ఆసుపత్రికి తెచ్చేక కాన్పయింది. చిన్న ఆడపిల్ల, బరువు తక్కువని వేరే గదిలో పెట్టేరు. తల్లికి మళ్లీ ఫిట్స్ రాకుండా నాలుగేసి గంటలకి ఒక ఇంజెక్షను. ఆ మందు ఫిట్స్‌ని ఆపుతుంది, ఒంట్లో ఎక్కువైపోతే ఊపిరిని కూడా ఆపేస్తుంది. అందుకని ప్రతి డోసుకీ ముందు మూడు చూడాలి. ఊపిరి నిమిషానికి పదహారుకి తగ్గకూడదు. మోకాలి చిప్ప కింద తడితే కాలు ఎగరాలి. మూత్రం సరిపడా రావాలి.

ఇదంతా నాకు కంఠతా వచ్చు. ఎందుకంటే ఆ రోజు మధ్యాహ్నం మా కాలేజీ మేడమ్ ముందు నేను ప్రెజెంటేషను ఇవ్వాల్సింది ఆ కేసు మీదే. పెద్ద చార్టు పేపరు మీద స్కెచ్ పెన్నులతో ఊపిరితిత్తుల బొమ్మ వేసి, పదహారు అన్న అంకె చుట్టూ ఎర్రగా గుండ్రం కూడా చుట్టేను. ఆ బొమ్మకి రంగులు పూర్తి కాలేదని పొద్దున్నుంచీ నా ప్రాణమంతా దాని మీదే ఉంది.

పది గంటల డోసు ముందు ఆ అమ్మాయి దగ్గరకి వెళ్లేను. వాళ్లమ్మ మంచం పక్కన స్టూలు మీద కూర్చుని ఉంది. "రాత్రి బాగా పడుకుందా పిన్నిగారూ?" అన్నాను.

"ఆయ్. ఇప్పుడు కూడా ఒకటే నిద్దరండి," అంది ఆవిడ.

"ఫిట్స్ వచ్చినవాళ్లకి మగతగానే ఉంటుందిలెండి," అన్నాను. నాకు తెలుసు కదా మరి.

బీపీ చూసేను. నాడి చూసేను. మణికట్టు పట్టుకునే ఉన్నాను గాని, మనసులో ఊపిరితిత్తులకి గులాబీ రంగు వెయ్యాలా నీలం వెయ్యాలా అని ఆలోచిస్తున్నాను. ఇరవై అని రాసేను. మోకాలి కింద అరచేతి అంచుతో తడితే కాలు కదిలినట్టే అనిపించింది, ఉంది అని రాసేను. మంచానికి తగిలించిన సంచీలో మూత్రం కనబడింది, ఎన్ని గంటలదో అడగలేదు. స్టాఫ్ నర్సుగారు వార్డు మొత్తానికి ఒక్కరే. నా చార్టు చూసి, ఇంజెక్షను చేసి, పక్క మంచానికి వెళ్లిపోయేరు.

రెండు గంటల డోసుకీ అదే పని చేసేను. మళ్లీ చెయ్యి పట్టుకున్నాను, మళ్లీ ఇరవై. నర్సుగారు సిరంజిలోకి మందు ఎక్కించుకుని వచ్చి, "పక్కకి తిప్పమ్మా," అన్నారు. పొద్దున్న కుడి తుంటికి చేసేరు కాబట్టి ఇప్పుడు ఎడమవైపు. నేను ఆ అమ్మాయి వీపు కింద చెయ్యి పెట్టి నావైపు తిప్పుకున్నాను. పచ్చి బాలింత, నొప్పికి మూలగాలి. మూలగలేదు. నా అరచెయ్యి ఆ అమ్మాయి పక్కటెముకల మీద ఉంది. అవి లేస్తాయని చూస్తున్నాను. లేవలేదు. ఇంకా లేవలేదు. చాలాసేపటికి ఒకసారి లేచేయి.

"ఆగండి సిస్టర్," అన్నాను. వాచీ పెట్టుకుని లెక్కపెట్టేను. తొమ్మిది. ఆ నిమిషం అంత పొడుగ్గా ఉంటుందని నాకు అంతవరకూ తెలీదు.

నర్సుగారు సిరంజి ట్రేలో పెట్టేసి మోకాలి కింద తట్టి చూసేరు. కాలు కర్రలా పడుంది. చార్టు తీసేరు. "ఇరవై అని ఉంది. ఇప్పుడేగా రాసేవు?"

"ఆయండి. లెక్కపెట్టలేదండీ."

"పొద్దున్నో?"

చెప్పకపోతే ఎవరికీ తెలీదు. పది గంటలప్పుడు బాగానే ఉందండీ, ఇప్పుడే ఇలా అయిందండీ అంటే సరిపోతుంది. కాని ఎన్ని గంటలనుంచి ఇలా ఉందో తెలిస్తేనే కదా డాక్టరుగారు లెక్క కట్టుకునేది. "పొద్దున్న కూడా లేదండీ," అన్నాను.

"నీ అంకె చూసే నేను పది గంటల డోసు చేసేనమ్మా," అన్నారు ఆవిడ. ఆ ఒక్క మాట అని డాక్టరుగారికి కబురు పెట్టడానికి పరిగెత్తేరు. ఆక్సిజన్ పెట్టేరు, విరుగుడు మందు నరంలోకి చుక్కచుక్కగా ఎక్కించేరు. స్టూలు మీంచి లేచిన తల్లి, గోడకి ఆనుకుని, చీర కొంగు నోట్లో కుక్కుకుని నిలబడిపోయింది. నేనేమో, ప్రభువా, ఈ పిల్లని తీసుకోకు, నా చేత్తో తీసుకోకు అని లోపల ఏడుస్తూనే లెక్కపెడుతున్నాను. పది. పదకొండు. చాలాసేపు పదకొండు దగ్గరే ఆగిపోయింది. నాకు అంత భయం మళ్లీ ఎప్పుడూ వెయ్యలేదు.

నాలుగింటికి పదహారు దాటింది. ఆ అమ్మాయి కళ్లు తెరిచి, నాలిక తడబడుతూ, పిల్ల ఏదని అడిగింది.

హెడ్ నర్సుగారు నన్ను పిలిచి చార్టు ముందు పెట్టేరు. మా పనిలో తప్పు అంకెని చెరపకూడదు. కింద అంకె కనబడేలా ఒక్క గీత గీసి, పక్కన సరైనది రాసి, సంతకం పెట్టాలి. రెండు గంటల గడిలో ఇరవై కొట్టేసి తొమ్మిది రాసేను. పది గంటల గడిలో కూడా గీత గీసేను. పక్కన రాయడానికి నా దగ్గర అంకె లేదు. చూడలేదు అని రాసి సంతకం పెట్టేను. మా మేడమ్ ప్రెజెంటేషను ఆపించి, ఆ డ్యూటీ మొత్తం మళ్లీ చెయ్యమన్నారు, చేసేను.

ఆ సాయంత్రం ఇంటికి బయల్దేరేముందు మళ్లీ ఆ మంచం దగ్గరకి వెళ్లేను. తల్లి నా రెండు చేతులూ పట్టేసుకుంది. "నువ్వు చూడబట్టి నా పిల్ల బతికిందమ్మా. నీ కడుపు చల్లగుండ," అంది. మేం మాట్లాడుకున్న అంకెల సంగతి ఆవిడకి అర్థం కాలేదు, ఎవరూ విడమర్చి చెప్పలేదు. ఆ మాట తీసుకుని నేను ఆటో ఎక్కెయ్యొచ్చు. సిగ్గేసి తీసుకోలేకపోయేను.

"పొద్దున్న నేను చూడలేదు పిన్నిగారూ. చెయ్యి పట్టుకున్నానంతే. ఊపిరి లెక్కపెట్టకుండానే బాగుందని రాసేసేను. ఆ రాత చూసి ఇంజెక్షను చేసేరు. నా వల్లే ఇలా అయింది."

తిడుతుందనుకున్నాను. తిట్టడమే న్యాయం. ఆవిడ కూతురి మీద దుప్పటి సర్దుతూ అంది: "నాకూ పొద్దున్నే తేడాగా ఉందమ్మా. ఒక ఊపిరి తీసేక రెండోది ఎప్పుడు వత్తాదా అని చూత్తా కూకున్నాను. ఎవరినన్నా పిలుద్దామని లేవబోయేను. అంతలో నువ్వే వచ్చి, చెయ్యి పట్టుకుని, కాయితం మీద రాసేవు. చదూకున్న పిల్ల చూసి రాసింది కదా, నాదే పిచ్చి భయం అనుకుని ఊరుకున్నాను."

ఆవిడ గొంతులో కోపం లేదు. ఊరుకోవడం తన తప్పయినట్టు, తననే క్షమించమన్నట్టు నా మొహంలోకి చూసింది.