చదవకుండా చెప్పిన మాట

నా చిన్నప్పుడు, తొంభైలలో, మేము బహ్రెయిన్‌లోని ఉమ్మ్ అల్ హస్సామ్‌లో ఉండేవాళ్లం. నాన్న ఒక కొరియా కంపెనీలో డ్రైవరు. శుక్రవారం సెలవు కాబట్టి మామీర్‌లోని ఆ కంపెనీ కూలీల క్యాంపు నుంచి మా జిల్లా మనుషులు ఉత్తరాలు, మందు పొట్లాలు పట్టుకొని మా ఇంటికి వచ్చేవారు. వాళ్లందరికీ ఇంగ్లీషు చదివిపెట్టేవాణ్ని నేనే. ఏడో తరగతికే నాకు ఎక్కడలేని పొగరు.

ఒక శుక్రవారం టీవీలో క్రికెట్ చూస్తున్నాను. నాన్న ఊరివాడైన మేస్త్రి మామ బీపీ మాత్రల పొట్లం చాపాడు.

"బిడ్డా, గీ గోలీలు ఎన్నేసుకోవాల్నో జర సదువు."

నేను తల తిప్పనైనా లేదు. "మూడు పూటలా ఏస్కో మామా, ఖలాస్" అన్నాను.

పొట్లం మీద ఉన్నది రోజుకు ఒకటే వేసుకోవాలని. నాలుగో రోజు మామ ఎండలో డ్యూటీ చేస్తూ కళ్లు తిరిగి నిచ్చెన మీది నుంచి పడ్డాడు. కుడి మణికట్టు విరిగింది.

తరువాతి వారం క్యాంపు డాక్టరు, కొరియా ముసలాయన, కట్టుకట్టిన మామను వెంటబెట్టుకొని మా ఇంటికి వచ్చాడు. పొట్లం నా ముందు విసిరి చదవమన్నాడు. చదివాను. నాన్న ముఖం నల్లబడింది. ఆ శుక్రవారం తప్పు చదివానని అబద్ధమాడాను. పైగా, వీళ్లకు రాని ఇంగ్లీషులో రాసిన క్లినిక్‌వాళ్లను అడగమని ఎదురు తిరిగాను.

వాళ్లనూ అడుగుతానని డాక్టరు వచ్చీరాని హిందీలో మండిపడ్డాడు. నాలుగు వందల ఏళ్ల కిందట తమ దేశంలో ఒక రాజవైద్యుడు ఉండేవాడట. యుద్ధంతో చితికిపోయి జనం రోగాలతో చస్తుంటే ఆయన పెద్ద వైద్యగ్రంథం మొదలుపెట్టాడట. పండితుల చైనా లిపిలో రాస్తూనే, పొలం గట్టున దొరికే మూలికల పేర్లను పల్లెజనం పిలిచే మాటల్లో పక్కన రాశాడట. రాజు చనిపోతే ఆ నేరం ఆయన మీద మోపి దూరంగా వెళ్లగొట్టారట. అక్కడా రాత ఆపలేదట.

"రాజు నాడి పట్టిన చెయ్యి గడ్డి కోసేవాడి కోసం రాసింది. నీకు చదివే తీరిక లేదా?" అన్నాడు.

నాన్న చెయ్యి ఎత్తాడు. మామ అడ్డొచ్చాడు. "పోరన్ని కొట్టకు బావా. సిన్నోడు, తప్పు సదివిండు."

సిగ్గుపడాల్సింది పోయి, నన్ను కాపాడినందుకు ఆయన మీదే కోపం తెచ్చుకున్నాను.

చెయ్యి పనికిరాదని నెల తిరక్కుండానే కంపెనీ మామ వీసా రద్దుచేసి ఊరికి పంపేసింది. ఆ కంపెనీ మీద, ఆ క్లినిక్ మీద నా కోపం ఇంకా చల్లారలేదు. చల్లారనక్కర్లేదు కూడా. కానీ చాలా ఏళ్లు ఆ కోపం చాటున దాక్కున్నాను. మామ పోయేదాకా నేను తప్పు చదివానన్న నమ్మకంతోనే ఉన్నాడు. అసలు చదవనేలేదని ఆయనకు చెప్పలేదు.