అన్న పేరుతో లాగిన్

అన్న పోయిన తర్వాత, భివండి పక్కన పూర్ణ అనే ఊళ్లోని గోదాములో ఆయన చూసుకున్న డేటాబేస్ సర్వర్‌ను నాకు అప్పగించారు. ఏ సరుకు ఎక్కడుందో, ఎవరికి వెళ్లాలో అంతా అందులోనే ఉంటుంది. ఆ పని అన్న దగ్గరే నేర్చుకున్నాను.

భివండికి వలస వచ్చిన మా తెలుగు నేతవాళ్ల ఇళ్లలో మనిషి పోతే, అతను నడిపిన సాంచెను, అంటే మరమగ్గాన్ని, పెద్దకర్మ అయ్యేదాకా ఎవరూ ముట్టరు. బట్ట సగంలో ఉన్నా అలాగే వదిలేస్తారు. తర్వాత ఇంటివాళ్లలో ఒకరు దారం ముడేసి నడుపుతారు. సర్వర్‌లో అన్న ఖాతాను కూడా నేను అలాగే ఉంచాను. పెద్దకర్మ అయ్యాక కూడా తీయడానికి చెయ్యి రాలేదు.

సరుకు పంపే కంపెనీవాళ్లు ఒకరోజు సర్వర్‌కు సెక్యూరిటీ స్కాన్ చేయించి రిపోర్టు పంపారు. ఎర్ర రంగులో రెండు హెచ్చరికలు ఉన్నాయి. డేటాబేస్ వెర్షన్ పాతదని, అందులో లోపం ఉందని మొదటిది. వెతికితే, ఆ లోపానికి ప్యాచ్ అన్న ఎప్పుడో వేశాడని తేలింది. ప్యాచ్ వేసినా వెర్షన్ నంబరు మారలేదు, స్కాన్ ఆ నంబరు మాత్రమే చూసింది. రెండోదాన్ని రెండుసార్లు చదివాను. ఉద్యోగంలో లేని మనిషి ఖాతా, చివరి లాగిన్ ఈరోజు ఉదయం.

గోదాము మేనేజర్ మా ఊరి వైపువాడే. నా వెనక నిలబడి చదివి, "పోయినోడు డ్యూటీకొస్తున్నడా ఏంది?" అన్నాడు. నవ్వలేదు. సాయంత్రంలోగా కారణం చెప్పకపోతే సర్వర్ ఆపేస్తానని, మీ అన్నే ఎవరికో పాస్‌వర్డ్ ఇచ్చాడని కంపెనీకి రాస్తానని చెప్పాడు.

లాగిన్ ఎక్కడి నుంచి వచ్చిందో చూశాను. బయటి నుంచి కాదు, ఆ సర్వర్ నుంచే. దాంతో ఇంకా భయపడ్డాను. దొంగ లోపలే కూర్చున్నాడనుకున్నాను. పాత రోజులవి తీశాను. అన్న ఆసుపత్రిలో ఉన్నప్పుడూ ఉంది, పాడె లేచిన ఉదయమూ ఉంది. రోజూ అదే వేళ. ఆ వేళకు సర్వర్‌లో ఇంకేం నడుస్తుందో వెతికితే దొరికింది. రోజూ దానంతటదే డేటాకు బ్యాకప్ తీసే పనిని అన్న తన ఖాతాతోనే పెట్టుకున్నాడు.

దొంగ లేడు. కానీ ఖాతా మూయక తప్పదు. వదినకు ఫోన్ చేసి చెప్పాను. ఆమె మా నాన్న సంగతి ఎత్తింది.

"మామ పోయినంక ఆయన సాంచె మీద నువ్వే గదా ముడేసినవ్ తమ్మీ. గట్లనే చెయ్యి."

బ్యాకప్‌ను కొత్త ఖాతాకు మార్చి, ఒకసారి నడిపి చూసి, అన్న ఖాతా మూసేశాను. కారణం రాసిస్తే మేనేజర్ చదివి అదే పంపాడు.

మర్నాడు ఉదయం ఆ వేళకు కంప్యూటర్ ముందు కూర్చున్నాను. లాగిన్ల జాబితాలో కొత్త ఖాతాతో బ్యాకప్ వచ్చింది. దాని కింద అన్న పేరు కూడా వస్తుందేమోనని చాలాసేపు చూశాను. రాలేదు.