మంత్రిగారికి మా పడక్కుర్చీ ప్రశ్న

మా వంశంలో ఎవరూ అర్జీ పెట్టుకోలేదు. అర్జీలు తీసుకున్నారు. తాతగారి కాలంలో తెల్లవారేసరికి వసారా మెట్ల మీద జనం తలపాగాలు ఒళ్ళో పెట్టుకుని కూర్చునేవారట. ఆ వసారా, ఆ మెట్లు, వాటి చుట్టూ ఉన్న ఊళ్ళూ ఒక్కొక్కటే ఎలా జారిపోయాయో చెప్పడం నా పద్ధతి కాదు. పోయినవాటి గురించి నలుగురిలో మాట్లాడకూడదని కూడా ఆ ఇంట్లోనే నేర్పారు. చివరికి నా వాటాకి వచ్చింది తాతగారి పడక్కుర్చీ. టేకు చెక్క, పేము అల్లిక, కాళ్ళు చాపుకోవడానికి వీలుగా పొడుగాటి చేతులు. ఉద్యోగానికని సింగపూర్ వచ్చి ఇక్కడే పౌరుణ్ణి అయ్యాక, అది కూడా ఓడెక్కి నా వెనకాలే వచ్చింది.

ఫ్లాట్‌లో దానికి చోటు దొరకలేదు. నిజం చెప్పాలంటే దొరికింది. తర్వాత మా ఆవిడకి దొరకలేదు.

"ఈ ఇంట్లో అదన్నా పడుకోవాలి, నేనన్నా నడవాలి. ఏదో ఒకటి తేల్చండి," అంది. ఆవిడది ఉద్యోగస్తుల కుటుంబం. విషయం చుట్టూ తిరగడం వాళ్ళకి తెలియదు.

అలా కుర్చీ కారిడార్‌లోకి, మా గుమ్మం పక్కకి వచ్చింది. వచ్చినది వచ్చినట్టే ఉండిపోయింది. మా ఇంట్లో ఒక ఆనవాయితీ ఉంది. పెద్దవారి కుర్చీ ఆయన అందులో లేనప్పుడు కూడా ఆయన చోట్లోనే ఉండాలి. దాన్ని జరపరు. తాతగారు పొరుగూరు వెళ్ళినా ఆ కుర్చీ వసారాలోనే ఉండేది, వచ్చినవాళ్ళు దానికే నమస్కారం పెట్టి వెళ్ళేవాళ్ళు. కనుక నేను అందులో కూర్చునేది సాయంత్రం పూటే అయినా, కుర్చీ మాత్రం రాత్రింబగళ్ళు కారిడార్‌లోనే ఉండేది.

సాయంత్రాలు నా ఎదురుగా ఎర్ర ప్లాస్టిక్ కుర్చీలో పక్క ఫ్లాట్ చైనీస్ పెద్దాయన కూర్చునేవాడు. బస్సు నడిపి రిటైరయ్యాడు, ఒంటరి మనిషి. మోకాళ్ళు అరిగిపోయి కింద కాఫీ కొట్టు దాకా కూడా వెళ్ళలేడు. ఇంట్లో పాత సామాను ఎంత పేర్చుకున్నాడంటే రెండో మనిషి కూర్చోవడానికి జాగా లేదు. అందుకని లోపలికి రమ్మనడు, పిలవని ఇంటికి నేను వెళ్ళను. మా ఇద్దరికీ ఉన్న హాలు ఆ కారిడారే. నేనాయన్ని అంకుల్ అంటాను. మా వంశం సంగతి విన్నాక ఆయన నన్ను రాజా అనడం మొదలుపెట్టాడు. ఆ పిలుపులో గౌరవం ఎంతో, ఎకసెక్కెం ఎంతో నేను విచారించలేదు.

"మీ తాత నిజంగా రాజా?" అని మొదటిసారి అడిగాడు.

"జమీందారు."

"అంటే పెద్ద ల్యాండ్‌లార్డ్. మరి నువ్వు ఈ ఫ్లాట్‌లో ఎందుకున్నావు?"

"చరిత్ర, అంకుల్."

"ఓ. నాది గుర్రప్పందాలు."

ఆ రోజు నుంచి మేం స్నేహితులం.

ఒక ఉదయం తలుపు తీసేసరికి తాతగారి కుర్చీ చేతికి నోటీసు అంటించి ఉంది. నిప్పు అంటుకుంటే జనం బయటపడాల్సిన దారిలో వస్తువులు ఉంచరాదు, గడువులోగా తీయకపోతే మేమే తీసుకుపోతాం అని దాని సారాంశం. అంకుల్ ప్లాస్టిక్ కుర్చీకి కూడా అలాంటిదే ఒకటి. న్యాయానికి లోటు చెయ్యలేదు.

అంకుల్ గుమ్మంలో నిలబడి రెండు నోటీసులూ చూశాడు. "తీసేద్దాం లా. నాకు టీవీ ఉంది, నీకు భార్య ఉంది," అని, ఇక్కడివాళ్ళందరూ మాట చివర తగిలించే ఆ 'లా'తో సంగతి ముగించి, ఇనప గేటు మూసుకున్నాడు. ఆ సాయంత్రం బయటికి రాలేదు. మర్నాడూ రాలేదు. గోడ అవతల టీవీ మాత్రం నా చెవిలో పెట్టినట్టు మోగింది.

ఆ మోత వింటూ నిర్ణయించుకున్నాను. ఇక్కడ పార్లమెంటు సభ్యులు వారానికో సాయంత్రం ఏదో ఒక ఫ్లాట్ల బ్లాకు కింద బల్లలు వేసుకుని జనం గోడు వింటారు. అక్కడికి వెళ్తానన్నాను.

మా ఆవిడ కూర తరగడం ఆపింది. "అర్జీ పెట్టుకోడానికా? మీరా?"

"విన్నపం."

"రెంటికీ తేడా ఏవిటండీ?"

"అర్జీ కూర్చుని ఎదురుచూసి ఇస్తారు. విన్నపం నిలబడి చెప్తారు."

"అయితే నిలబడే చెప్పండి. మీ నడుం ఎలాగూ వంగదు," అని మళ్ళీ కూర తరగడం మొదలెట్టింది.

నిలబడే ఉన్నాను. వరస చీటీ చేతిలో పెట్టి, కుర్చీ చూపించి, "అంకుల్, సిట్ లా" అని అక్కడి కార్యకర్తలందరూ చెప్పారు. అందరికీ ధన్యవాదాలు చెప్పి నిలబడ్డాను. పిలుపు వచ్చేసరికి కాళ్ళు తిమ్మిరెక్కాయి గానీ మాట నిలబడింది.

సభ్యురాలు నా కూతురి వయసు మనిషి. పరిగెత్తడానికి వేసుకునే బూట్లు వేసుకుంది. నేను సిద్ధం చేసుకుని వెళ్ళిన విన్నపాన్ని రెండు చేతులా అందించాను. మా ఇంటికి వచ్చిన అర్జీలు ఎలా ఉండేవో పెద్దలు చెప్పగా విన్నాను కాబట్టి అదే పద్ధతిలో రాశాను. మొదటి పేజీ ఆవిడ సుగుణాలు. రెండో పేజీ మా వంశం. మూడో పేజీ కుర్చీ. ఆవిడ ఓపిగ్గా చదివి, పేజీలు ముందుకీ వెనక్కీ తిప్పింది.

"అంకుల్, మీ సమస్య ఏ పేజీలో ఉంది?"

"నాలుగో పేజీలో, అమ్మా."

నాలుగో పేజీ చదివి నుదురు రుద్దుకుంది. "ఒక ఇబ్బంది ఉంది, అంకుల్. ఆ నోటీసు అంటించింది మా టౌన్ కౌన్సిల్ వాళ్ళే. అది నడిపేవాళ్ళలో నేనూ ఉన్నాను."

నాకు సంతోషం వేసింది. మా వసారాలో కూడా ఉత్తరువు ఇచ్చినాయనే దాని మీద మొర వినేవాడు. ఆ మాటే చెప్పాను. ఆవిడకి అది మెచ్చుకోలుగా తోచినట్టు లేదు.

"కానీ నిబంధన నాది కాదు. పైన మంత్రిత్వశాఖది. మార్చమనాలంటే మంత్రిని అడగాలి."

"అడగండి."

"సభలోనా?"

"ఇలాంటివి సభలో కాక ఎక్కడ అడుగుతారు?"

ఆవిడ నవ్వి, నా నాలుగు పేజీలనీ రెండు వరుసలు చేసింది. వృద్ధులు పొరుగువారితో కూర్చునేందుకు కారిడార్లలో కుర్చీలను అనుమతించే విషయం మంత్రి పరిశీలిస్తారా అని. తాతగారు లేరు, టేకు లేదు, పేము లేదు. అయినా ఊరుకున్నాను. జవాబు వచ్చేదాకా కుర్చీల జోలికి ఎవరూ రారని ఆవిడ మాటిచ్చింది కూడా.

సభలో ప్రశ్నలకి కేటాయించిన సమయం కొద్దిది. అచ్చువేసిన వరసలో మంత్రులు జవాబులు చెప్పుకుంటూ వస్తారు. సమయం అయిపోతే మిగిలినవాటికి జవాబు కాగితం మీద వస్తుంది. మా ప్రశ్న వరసలో బాగా కిందకి పడిందని సభ్యురాలు ముందే కబురు చేసింది. కాగితం నాకు అక్కర్లేదు. కాగితాలు ఇప్పటికే కుర్చీకి అంటించి ఉన్నాయి. మంత్రి నోటంట వినాలని, మా ఆవిడని వెంటబెట్టుకుని సందర్శకుల గ్యాలరీకి వెళ్ళాను. జరీ పంచె, బిగుతు మెడ కోటు, పట్టు కండువా. రైల్లో ఒకాయన పెళ్ళెక్కడ అని అడిగాడు. పార్లమెంటులో అన్నాను. లేచి నాకు సీటిచ్చాడు.

అంకుల్ రాలేనన్నాడు. ఫోన్‌లో ప్రత్యక్షంగా చూస్తానన్నాడు.

గ్యాలరీ చల్లగా, నిశ్శబ్దంగా ఉంది. అనువాదం వినే చెవి యంత్రాలు ఉన్నాయి, కానీ తెలుగు లేదు. మా ఆవిడ తమిళం పెట్టుకుని కాసేపయ్యాక నా వైపు వంగింది. "మంత్రిగారికి ఆడగొంతు వస్తోందండీ. భలే ముద్దుగా ఉంది."

కింద బడుల మీద ప్రశ్న అయింది. దోమల మీద అయింది. ఒక్కొక్క జవాబూ ఎంత వివరంగా ఉందంటే, దోమలకి కూడా అనుమానాలు తీరిపోయి ఉంటాయి. గడియారం మాత్రం ఎవరి కోసమూ ఆగలేదు. మా ప్రశ్న ఇంకా ఎక్కడో అడుగున ఉంది. నా వేళ్ళు కండువా అంచుని మెలిపెడుతున్నాయని మా ఆవిడ చెప్పేదాకా నాకు తెలియదు.

అప్పుడు వేరే సభ్యుడెవరో ఒంటరి వృద్ధుల గురించి అడిగాడు. వృద్ధుల సంగతులు చూసే మంత్రి లేచి, పేటల్లో కేంద్రాలు ఉన్నాయని, వ్యాయామాలు నేర్పుతున్నారని, పాటలు కూడా పాడిస్తున్నారని చెప్పాడు. ఆయన కూర్చోబోతుంటే మా సభ్యురాలు చెయ్యెత్తింది. ఒక జవాబు మీద అనుబంధంగా మరో ప్రశ్న అడిగే హక్కు సభ్యులకి ఉంది.

"నా నియోజకవర్గంలో ఒక పెద్దమనిషి ఉన్నారు," అని మొదలుపెట్టింది.

నేను లేచి నిలబడ్డాను.

సభలో పెద్దలు మన ప్రస్తావన తెస్తే లేచి చేతులు కట్టుకుని, ఆ మాట పూర్తయ్యేదాకా నిలబడాలి. మా ఇంట్లో చిన్నపిల్లలకి కూడా తెలుసు. గ్యాలరీలో అలా ఎవరూ నిలబడరని నాకు ఎవరూ చెప్పలేదు. ద్వారం దగ్గరి ఉద్యోగి రెండు అరచేతులూ కిందికి ఊపాడు. కిందికి సభలోకి రమ్మంటున్నాడనుకున్నాను. ఫరవాలేదు, ఇక్కడే బాగుంది అని మర్యాదగా తల అడ్డంగా ఊపాను. ఆయన ఇంకా గట్టిగా ఊపాడు. నేనూ ఇంకా మర్యాదగా ఊపాను.

ఈలోగా సభ్యురాలు మా ఇద్దరి సంగతీ, కుర్చీల సంగతీ చెప్పి అడగడం ముగించింది. కింద మంత్రి తల ఎత్తి మా వైపు ఒక్క క్షణం చూశాడు. కాగితంలో ఎక్కడున్నాడో మర్చిపోయి మళ్ళీ వెతుక్కున్నాడు. చివరికి కాగితం బల్ల మీద పెట్టేసి మాట్లాడాడు.

"కుర్చీలో మనిషి ఉంటే, పొగ కనబడగానే మనిషి లేస్తాడు, కుర్చీ తీస్తాడు. ఖాళీ కుర్చీని ఎవరు తీస్తారు? ప్రమాదం ఖాళీ కుర్చీతోనే. ఆ పెద్దమనుషులని హాయిగా కూర్చోమనండి. లేచినప్పుడు కుర్చీని లోపలికి తీసుకెళ్ళమనండి."

తరాలుగా ఖాళీ కుర్చీకి నమస్కారాలు అందుకున్న వంశం మాది. ఆ ఒక్క మాటతో నా చెవులు వేడెక్కాయి.

సభ్యురాలు కూర్చోలేదు. "కుర్చీ చాలా బరువైతే?"

"తేలికది కొనుక్కోమనండి." సభలో నవ్వులు.

"ఆ ఇద్దరిలో ఒకరికి మోకాళ్ళు పనిచెయ్యవు. తేలిక కుర్చీ కూడా ఆయన మొయ్యలేరు. అప్పుడు?"

మంత్రి నవ్వలేదు. "అప్పుడు రెండో ఆయన మోస్తారు. పొరుగువాళ్ళు అందుకేగా ఉండేది."

మా ఆవిడ కండువా పట్టి లాగింది. "కూర్చోండి ఇంక. మీకు చెప్పాల్సింది ఆయన చెప్పేశాడు."

కూర్చున్నాను. మా అసలు ప్రశ్న దాకా సమయం రానేలేదు. దానికి తర్వాత వచ్చిన కాగితం కూడా అదే సంగతి, కాస్త పొడుగ్గా చెప్పింది.

కుర్చీని లోపలికి చేర్చిన రోజు ఎవరినీ పిలవలేదు. నేనూ, మా ఆవిడా పట్టుకున్నాం. గేటు పట్టుకుని నిలబడి అంకుల్ డిపోలో బస్సు పెట్టిస్తున్నట్టు దారి చూపించాడు. "రివర్స్, రివర్స్. రాజా, లెఫ్ట్ కొట్టు. ఆపు. గోడ తగులుతుంది లా." తాతగారి కుర్చీ మా తలుపులోంచి వెనక్కి నడుస్తూ హాల్లోకి వచ్చింది.

మా ఆవిడ దాని చుట్టూ ఒకసారి నడిచి చూసింది. "సరే, మీ తాతగారు లోపలికొచ్చారు. ఇప్పుడు నేను బయటికి వెళ్ళనా?" అంది. మర్నాడు మధ్యాహ్నం అదే కుర్చీలో కాళ్ళు చాపుకుని చిక్కుడుకాయలు ఒలుస్తూ కనిపించింది. ఆనవాయితీ ప్రకారం నేను అభ్యంతరం చెప్పాలి. చిక్కుడుకాయ కూర నాకు ఇష్టం. పేపరు అడ్డం పెట్టుకున్నాను.

అంకుల్ ఎర్ర కుర్చీ మడత పడదు, ఆయన ఇంట్లో దానికి చోటూ లేదు. మడత కుర్చీలు పేట దుకాణంలో రెండు కొన్నాను. బూడిదరంగు ఇనప గొట్టాలు, గుడ్డ వీపు. వాటికి ఏ వంశమూ లేదు. సాయంత్రం రెంటినీ రెండు చంకల్లో పెట్టుకుని బయటికి వచ్చాను. అంకుల్ టీవీ మోగుతోంది. గేటు మీద తట్టాను.

ఆయన వచ్చి, నా చంకల్లోకి చూసి, గేటు పట్టుకుని అలాగే నిలబడ్డాడు. నేను ముందు ఆయన కుర్చీ విప్పి, గోడకి ఆనించి, కదలకుండా ఉందో లేదో చేత్తో నొక్కి చూశాను. ఆయన నా భుజం పట్టుకుని మెల్లగా కూర్చున్నాడు.

"రాజా, మీ తాత కుర్చీ ఎంతమంది మోసేవాళ్ళు?"

"ఇద్దరు."

ఆయన వేళ్ళ మీద లెక్క కట్టాడు. "ఇద్దరు మనుషులకి ఒక కుర్చీ. ఇప్పుడు ఒక మనిషికి రెండు కుర్చీలు. అప్‌గ్రేడ్ లా."

నేను నా కుర్చీ విప్పుకుని ఎదురుగా కూర్చున్నాను. ఆ కుర్చీకి చేతులు లేవు. నా చేతులు ఎక్కడ పెట్టుకోవాలో కాసేపు తెలియలేదు. లోపల టీవీ ఇంకా మోగుతూనే ఉంది.

"కట్టేసి రానా, అంకుల్?" అన్నాను.

"లోపల సామాను. జాగ్రత్త," అన్నాడాయన, మొట్టమొదటిసారి నన్ను తన ఇంట్లోకి రానిస్తూ.