ముక్కు ముట్టుకుంటే రైలు

అధికారుల ముందు పరువు పోగొట్టుకున్నవాళ్లను మీరు చాలామందినే చూసుంటారు. గదినిండా పిల్లల చేత ఆవుల్లా అరిపించి మరీ పోగొట్టుకున్న మనిషిని మాత్రం చూసి ఉండరు. ఇదిగో చూడండి, నేనే! నన్ను వెనకేసుకొచ్చే మాట ఇందులో ఒక్కటీ ఉండదు, ముందే చెబుతున్నాను.

అప్పుడు నేను నడికుడి అంగన్‌వాడీలో కొత్తగా చేరిన టీచర్‌ని. కేంద్రం వెనకే రైలుపట్టాలు, పక్కనే మిరపకాయల కల్లం. పిల్లల్లో కోటి అని ఒకడు, నాలుగు నిండి ఐదో ఏడు నడుస్తోంది. పుట్టుకతోనే చెవులు వినపడవు, మాట రాలేదు. దానికి ఊరంతా దిగులుపడేదే తప్ప వాడు మాత్రం మహారాజులా ఉండేవాడు. వాడి చేతుల కబుర్లు తోటిపిల్లలు నాకంటే ముందే నేర్చేసుకున్నారు. "టీచర్, కోటి నీళ్లు అడగతన్నాడు", "టీచర్, కోటి మీ జడ బాగుందంటన్నాడు" అని నాకే అర్థం చెప్పేవాళ్లు. నేర్పాల్సిన నేను నోరు తెరుచుకుని చూస్తుండేదాన్ని.

అంతలో సూపర్‌వైజర్ మేడమ్ వస్తున్నారని కబురొచ్చింది. వైకల్యం ఉన్న పిల్లలూ లేని పిల్లలూ ఒకేచోట నేర్చుకోవాలని, ఏ వయసుకు ఏమేం రావాలో చెప్పే ప్రమాణాల పుస్తకం ఒకటి అప్పుడే మా చేతికిచ్చారు. మొదటి పేజీలోనే ఉంది: పిల్లలు పరిసరాల్లోని శబ్దాలను గుర్తించాలట. మరి కోటి? పుస్తకం అక్కడికక్కడే మూసేశాను.

ఆ సాయంత్రమే కోటి వాళ్లమ్మ రమణ మిరపకోతల నుంచి నేరుగా వచ్చి గుమ్మంలో నిలబడింది.

"టీచరమ్మా, మావోడికి ఏం రాదని రాసి ఏడకో హాస్టల్‌కి పంపుతారంట గదా? వాడు ఈ పిల్లల్ని వదిలి ఉండలేడమ్మా. వాణ్ణి వదిలి నేనూ ఉండలేను."

"ఎవరన్నారు నీకు? నేనుండగా కోటిని ఎవరు కదిలిస్తారో చూస్తా!"

మాటైతే ఇచ్చేశాను. ఆ పుస్తకం ఇంకో పేజీ తిప్పి చూద్దామన్న బుద్ధి మాత్రం పుట్టలేదు. తెలివి ఎక్కువైన వాళ్లకు చదివే ఓపిక ఎక్కడుంటుంది చెప్పండి! బదులుగా ఒక పథకం వేశాను.

పరీక్షలో మేడమ్ ఫోనులో ఒక శబ్దం వినిపిస్తారు. ఆ శబ్దం దేనిదో, దాని బొమ్మ ఉన్న కార్డు పిల్లలు ఎత్తి చూపించాలి. అప్పుడు నేను కోటికి రహస్యంగా సైగ చేస్తాను. ముక్కు ముట్టుకుంటే రైలు. చెవి ముట్టుకుంటే ఆవు. నెత్తిన చెయ్యి పెడితే కోడిపుంజు. ఒక్కసారి చూపిస్తే చాలు, పట్టేశాడు. ఏం బుర్రండీ అది! నేను మరిచిపోయింది ఒక్కటే. కోటికి తెలిసింది ఆ గదిలో మిగతావాళ్లకు తెలియకుండా ఉండదు. మర్నాటికల్లా పిల్లలందరికీ నేర్పేశాడు. ఆ సంగతి నాకు తెలియదు.

మేడమ్ వచ్చారు. రమణ పని మానుకుని గుమ్మం దగ్గర నిలబడింది. మేడమ్ సంచీలో ఫోను వెతుక్కుంటున్నారు. అదే సమయానికి కల్లంలో మిరపకాయలు తిరగేశారు కాబోలు, ఘాటు వచ్చి గుప్పుమని తగిలింది. తుమ్ము ఆపుకుందామని ముక్కు పట్టుకున్నాను.

"కూ... చుక్ చుక్ చుక్!"

గదంతా లేచింది. ఒకరి చొక్కా ఒకరు పట్టుకుని మేడమ్ కుర్చీ చుట్టూ రైలు తిరగడం మొదలుపెట్టారు.

"ఏందమ్మా ఇది? నేనింకా ఫోనే తియ్యలేదు!"

"ఉత్సాహం మేడమ్, ఉత్సాహం" అంటూ కంగారులో జుట్టు చెవి వెనక్కి తోసుకున్నాను.

"అంబా..."

రైలు కాస్తా ఆవులమంద అయింది. ఇద్దరైతే మోకాళ్లమీద పాకుతూ మేడమ్ చీర కుచ్చిళ్లు మేయబోయారు.

"ఒరేయ్, ఆపండర్రా!" అని నెత్తి పట్టుకున్నాను.

"కొక్కొరోకో!"

కష్టమొచ్చినప్పుడు నెత్తి పట్టుకునే హక్కు కూడా నాకు లేకుండా పోయింది.

"అసలేంది మీ సంగతి?" అని మేడమ్ ఎదురుగా ఉన్న జ్యోతిని అడిగారు. ఆ పిల్లకు అబద్ధమాడటం చేతకాదు, నోరు మూసుకోవడం అసలే చేతకాదు.

"మేడమ్, టీచర్ ముక్కు ముట్టుకుంటే రైలండీ, చెవి ముట్టుకుంటే ఆవండీ. కోటికి ఇనపడదు గదా, అందుకని టీచర్ దొంగచాటుగా చూపిస్తది. మాకు కోటి నేర్పాడు!"

భూమి చీలి నన్ను మింగేస్తే బాగుండుననిపించింది.

"మావోడి తప్పేం లేదు మేడమ్. వాణ్ణి పంపియ్యబాకండి" అంది రమణ. నాకు ఏడుపు ముంచుకొచ్చింది. కాపాడతానని మాటిచ్చి, నా చేతులారా వాడి చోటు పోగొట్టాననుకున్నాను.

మళ్లీ ఏ జంతువు బయటికొస్తుందోనని చేతులు రెండూ వెనక్కి కట్టేసుకున్నాను. అప్పుడు చూశాను కోటిని. ఆ గొడవలో ఎప్పుడు కూర్చున్నాడో, అరచెయ్యి గచ్చుకు ఆనించి ఉన్నాడు. చటుక్కున లేచి వచ్చి రైలుబొమ్మ కార్డు మేడమ్ ఒళ్లో పెట్టాడు.

"వద్దురా నాన్నా, అయిపోయింది" అని తల అడ్డంగా ఊపాను.

నన్ను లెక్కే చెయ్యలేదు. మేడమ్ చెయ్యి పట్టుకుని కిందికి లాగి, గచ్చుకు ఆనించి, తన చెయ్యి దానిమీద పెట్టాడు.

"ఏం లేదే..." అంటూనే మేడమ్ ఆగిపోయారు.

పిల్లలందరూ గప్‌చుప్‌గా కూర్చుని నేలకు చేతులు ఆనించారు. నేనూ ఆనించాను. గచ్చులోంచి సన్నని అదురు అరచేతిలోకి పాకుతోంది. చెవికింకా ఏమీ లేదు. కాసేపటికి ఎక్కడో దూరాన కూత, ఆ వెనకే సిమెంటు బస్తాల గూడ్సుబండి మా కిటికీలన్నిటినీ గడగడలాడిస్తూ వచ్చింది. రోజూ పోయే బండే! అది రాకముందే నేల కబురు చెబుతుందని నాకు ఏనాడూ తెలియదు. ఆ పిల్లవాడికి దణ్ణం పెట్టాలనిపించింది. చివరి పెట్టె దాటేదాకా ఎవరూ నేలమీంచి చేతులు తియ్యలేదు.

మేడమ్ లేచి, చెయ్యి దులుపుకుని, నా పుస్తకం తీసుకున్నారు. రెండో పేజీ తిప్పి నా ముందు పెట్టారు.

"చదువు."

చదివాను. చూపుతోనో, స్పర్శతోనో, సైగతోనో, బొమ్మతోనో, ఏ బిడ్డ తనకు వీలైన తీరులో ఆ బిడ్డ గుర్తించి చూపవచ్చునట.

"ఇది ముందు చదవలేదా?"

"చదివాను మేడమ్... మొదటి పేజీ."

"అయితే మావోడు..." అంది రమణ.

"ఏడకీ పోడమ్మా. ఇక్కడే, ఈ పిల్లలతోనే ఉంటాడు. అందర్నీ కలిపి ఉంచడానికే గదా ఈ పుస్తకం!"

రమణ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చేసింది. నేనూ ఆపుకోలేకపోయాను.

వెళ్లబోతూ మేడమ్ గుమ్మంలో ఆగారు. "పిల్లలు చానా బాగున్నారు. ఈ కేంద్రంలో ప్రత్యేక శ్రద్ధ అవసరమైన మనిషి ఒక్కరే ఉన్నారు."

"ఎవరు మేడమ్?" అని ఆత్రంగా అడిగాను.

ఆమె ఊరికే నావైపు చూశారు. ఆ చూపు అందుకుని పిల్లలందరూ నామీదికి వేళ్లు చూపించారు. అందరికంటే ముందు చూపించింది కోటి.

కనుక సూర్యచంద్రుల సాక్షిగా, నా ఉద్యోగం సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఏ పుస్తకాన్నైనా ఈ అట్ట నుంచి ఆ అట్ట దాకా చదవనిదే ఇకమీదట ఏ పిల్లవాడికీ కాపీ కొట్టడం నేర్పను.